శాస్త్రవేత్త సైటేషన్ల లెక్క ఎలా చదవాలి: శాఖ మారితే కొలత మారుతుంది

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జిల్లా ఎడిషన్లలో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ఆచార్యుడు’. శాలువా, పూలగుచ్ఛం, చుట్టూ సహోద్యోగులు, ఫొటో. ఆయన దేనిమీద పనిచేస్తారో, ఆ జాబితాకు కొలత ఏమిటో వార్తలో వెతికినా దొరకదు. ఇంకోవైపు పీహెచ్‌డీకి గైడును వెతుక్కునే విద్యార్థి హెచ్-ఇండెక్స్ (ఒకరి పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో, అంటే ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూసి కట్టే అంకె) ఒక్కటే చూసుకుని నిర్ణయానికి వచ్చేస్తాడు. నియామకాల కమిటీల్లో కూర్చునే పెద్దలూ తరచూ అదే పని చేస్తారు, కాకపోతే కాస్త గంభీరంగా.

అనంతపురంలో ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ఈ లెక్కలు అడుగుతూ వచ్చేవారికి చెప్పే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. డబ్బు ఖర్చు లేదు. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు, ఒక నోటుపుస్తకం, ఒక పూట తీరిక చాలు.

ముందు మనిషి ఎవరో తేల్చుకోండి

అంకెల జోలికి వెళ్లకముందు చేయాల్సిన పని ఇది. అందరూ దాటేసే పని కూడా ఇదే. మన పేర్లలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా వస్తుంది. అంతర్జాతీయ డేటాబేసులు పేరు చివరి పదాన్నే ఇంటిపేరుగా తీసుకుంటాయి. ఫలితంగా రాయలసీమలో సగంమంది ‘ఎస్. రెడ్డి’, ‘వి. నాయుడు’ లాంటి పేర్ల కింద ఒకే రాశిలో కలిసిపోతారు. ఆ రాశిలో హైదరాబాద్ గుండె వైద్యుడు, కర్నూలు భూగర్భ శాస్త్రవేత్త, అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు పక్కపక్కనే ఉంటారు.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. ఒకే మనిషి మూడు ముక్కలవుతారు. ‘లక్ష్మీదేవి’ అన్న పేరు ఒక పేపరులో ఒకే పదంగా, మరోదానిలో రెండు పదాలుగా, ఇంకోదానిలో పెళ్లి తర్వాత చేరిన పేరుతో వస్తుంది. ఊళ్ల పేర్లూ అంతే. కడపకు ఇంగ్లిషులో ‘సి’తో మొదలయ్యే పాత స్పెల్లింగు ఉంది, ‘కె’తో మొదలయ్యే కొత్తది ఉంది. అనంతపురం చివర ‘ము’ ఉన్నదీ లేనిదీ రెండూ చలామణిలో ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పేరును పూర్తిగా రాసినవారు కొందరు, ‘ఎస్.కె. యూనివర్సిటీ’ అని సరిపెట్టినవారు కొందరు. సంస్థ పేరుతో వెతికేటప్పుడు ఈ రూపాలన్నీ ప్రయత్నించాల్సిందే.

అందుకని మొదట ఓఆర్‌సీఐడీ సంఖ్య ఉందేమో చూడండి. 2012లో మొదలైన ఈ పదహారు అంకెల గుర్తింపు సంఖ్య పేరు ఎలా రాసినా మారదు. అది లేకపోతే, పరిశోధన పేపర్ల డేటాబేసు అయిన స్కోపస్‌లోని రచయిత గుర్తింపు సంఖ్య పట్టుకోండి. గూగుల్ స్కాలర్ (పేపర్లను వెతికే గూగుల్ సేవ) ప్రొఫైల్ మాత్రమే ఉంటే, పేపర్లను ఏళ్ల వరుసలో పెట్టి అన్నిటికంటే పాతదాన్ని చూడండి. 2005లో పీహెచ్‌డీలో చేరిన మనిషి పేరు కింద 1983 నాటి పేపరు కనిపిస్తే ఇంకెవరిదో వచ్చి చేరిందని అర్థం. ఆ ప్రొఫైల్‌లో మొత్తం అంకెను నమ్మకండి. అది మోసమే కానక్కర్లేదు, గూగుల్ తనంతట తానే చేర్చి ఉండవచ్చు. కానీ ఏళ్ల తరబడి తీసేయకపోవడం మాత్రం ఆ మనిషి గురించి కొంత చెబుతుంది.

ఒక డేటాబేసునే పట్టుకోండి

గూగుల్ స్కాలర్ ఉచితం. థీసిస్‌లు, సదస్సుల సంచికలు, ముద్రణకు ముందే ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతులు, అన్నీ లెక్కిస్తుంది. అందుకే దాని అంకె పెద్దది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ ఎంపిక చేసిన జర్నళ్లనే ప్రధానంగా లెక్కిస్తాయి కాబట్టి వాటి అంకె చిన్నది. వెబ్ ఆఫ్ సైన్స్‌కు మూలం యూజిన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్. స్కోపస్‌కు చందా కావాలి గానీ, రచయిత పేరుతో వెతికి ప్రాథమిక వివరాలు చూడటానికి అక్కర్లేదు. 2022లో వచ్చిన ఓపెన్ అలెక్స్ అనే డేటాబేసు ఉచితం.

ఏది తీసుకున్నా ఫరవాలేదు. ఒకరి అంకె స్కాలర్ నుంచి, మరొకరిది స్కోపస్ నుంచి తెచ్చి పోల్చడమే కూడని పని. బయోడేటాల్లో ఇది సర్వసాధారణం. ఎక్కడ పెద్దగా కనిపిస్తే అక్కడి అంకె రాసుకుంటారు, మూలం రాయరు. మీరు నోటుపుస్తకంలో రాసుకునే ప్రతి అంకె పక్కనా డేటాబేసు పేరు, చూసిన తేదీ వేయండి.

హెచ్-ఇండెక్స్‌ను ఒకసారి చేత్తో కట్టండి

కాలిఫోర్నియాలో పనిచేసే భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ఈ కొలతను ప్రతిపాదించారు. కట్టే తీరు సులువు. పేపర్లను సైటేషన్ల వారీగా పెద్దది పైన, చిన్నది కింద పేర్చండి. ఒకరికి పది పేపర్లున్నాయనుకుందాం: 62, 31, 18, 11, 9, 7, 6, 3, 1, 0. పక్కన వరుస సంఖ్య వేస్తూ రండి. ఆరో పేపరుకు 7 సైటేషన్లు, అంటే ఆరుకు తగ్గలేదు. ఏడో పేపరుకు 6 మాత్రమే, ఏడుకు చాలలేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. స్కాలర్‌లో కనిపించే ఐ10 అంటే పదీ అంతకుమించి సైటేషన్లున్న పేపర్ల సంఖ్య. ఇక్కడ 4.

ఇప్పుడు పైనున్న 62ను చెరిపి 620 రాయండి. హెచ్-ఇండెక్స్ కదలదు. ఒకే గొప్ప పేపరు రాసిన మనిషికి ఈ కొలతలో ప్రత్యేక గౌరవం లేదు. ఇంకోటి, ఇది పెరుగుతుందే గానీ తగ్గదు. పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నా పెరుగుతూనే ఉంటుంది. అందుకే హిర్ష్ దాన్ని, మొదటి పేపరు నుంచి గడిచిన ఏళ్లతో భాగించమన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత 20 ఉంటే విజయవంతమైన శాస్త్రవేత్త అని ఆయన అంచనా. ఆ అంచనా భౌతిక శాస్త్రానికి వేసింది. జీవశాస్త్రాల్లో హెచ్ విలువలు ఎక్కువగా ఉంటాయని అదే పేపరులో ఆయనే రాశారు. ఆ వాక్యం మన బయోడేటాల దాకా ప్రయాణం చేయలేదు.

శాఖ పక్కన పెట్టి చూడండి

అసలు పని ఇక్కడుంది. అనంతపురం మెట్టలో వేరుశనగ దిగుబడిని కేసీ కాలువ కింద వరి దిగుబడితో పోల్చి రైతును తిట్టేవాడు ఎవడూ ఉండడు. శాస్త్రవేత్తల విషయంలో మాత్రం ఆ పని నిత్యం జరుగుతోంది.

తేడా ఎందుకొస్తుందంటే, సైటేషన్ అనేది ఆకాశం నుంచి ఊడిపడదు, ఇంకొకరి పేపరు చివరి రెఫరెన్సుల పట్టిక నుంచి వస్తుంది. జీవరసాయన శాస్త్రంలో ఆ పట్టిక పొడుగు, గణితంలో పొట్టి. ఒక శాఖలో ప్రపంచమంతటా లక్షలమంది పనిచేస్తారు, మరోదానిలో ఒకరినొకరు పేరుతో పిలుచుకునేంత మందే ఉంటారు. వైద్యంలో కొత్త పేపరును రెండేళ్లలోపే ప్రస్తావిస్తారు, గణితంలో పదేళ్ల తర్వాత మొదలుకావచ్చు. జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లోనే (ఒక జర్నలులోని పేపర్లకు సగటున ఎన్ని సైటేషన్లు వస్తాయో చెప్పే అంకె) ఇది తెలిసిపోతుంది. గణితంలో శిఖరం లాంటి ‘ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’కు అది ఐదుకు అటూ ఇటూ. ఒక క్యాన్సర్ వైద్య జర్నలుకు రెండు వందలు దాటింది. దీన్నిబట్టి గణితజ్ఞులు నలభై రెట్లు సోమరులని ఎవరైనా అంటారా?

భాష కూడా అడ్డుపడుతుంది. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో కూర్చుని కైఫియత్తులను (ఊళ్ల చరిత్రలు రాసిన పాత ప్రతులను) పరిష్కరించే పండితుడి కృషి తెలుగు పుస్తకాలుగా వస్తుంది. స్కోపస్ దృష్టిలో ఆయన దాదాపు లేనట్టే.

ధర్మవరం నుంచి ఒక అమ్మాయి ఇద్దరు గైడ్ల పేర్లు కాగితం మీద రాసుకుని వచ్చింది. ఇద్దరిదీ గణిత విభాగమే. ఒకరు నానో ద్రవాల్లో ఉష్ణ ప్రసారం మీద పనిచేస్తారు, హెచ్-ఇండెక్స్ 31. మరొకరిది సంఖ్యా సిద్ధాంతం, 9. “సార్, ఈయనది ముప్పై ఒకటి, ఆమెది తొమ్మిది. ఇంక అడగాల్సిందేముంది?” అంది. ఇద్దరినీ విడివిడిగా వాళ్ల వాళ్ల ఉపశాఖల్లో, దాదాపు అదే కాలంలో పరిశోధన మొదలుపెట్టిన వారితో పోల్చి చూశాం. సంఖ్యా సిద్ధాంతంలో ఆ తొమ్మిది పై సగంలో నిలిచింది. నానో ద్రవాల ఆయన ముప్పై ఒకటి తన ఉపశాఖలో నడిమధ్యన ఉంది. విభాగం బోర్డు మీద ‘గణితం’ అని ఒకటే ఉన్నా లోపల రెండు లోకాలు. ఆ అమ్మాయి చివరికి ఎవరి దగ్గర చేరిందన్నది ఇక్కడ అనవసరం. తనకు సంఖ్యా సిద్ధాంతం ఇష్టమా కాదా అన్నదాని మీద ఆధారపడిన విషయమది.

మీరూ ఇలాగే చేయండి. ఆ శాస్త్రవేత్త ఇటీవలి పేపర్లు రెండు మూడు తెరిచి, ఎవరెవరి పనిని ప్రస్తావించారో చూడండి. ఆ పేర్ల నుంచి, మొదటి పేపరు ఏడాది దగ్గరదగ్గరగా ఉన్న పదిమందిని ఎంచుకోండి. వీలైతే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లాంటి చోట పనిచేసేవారే ఎక్కువ ఉండేలా చూడండి. వారానికి అన్నేసి తరగతులు చెబుతూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ పరిశోధన చేసేవారిని బెంగళూరులోని పెద్ద పరిశోధన సంస్థవారితో తూచడం న్యాయం కాదు. ఆ పదిమంది హెచ్ విలువలను వరుసగా రాసి, మీ శాస్త్రవేత్త ఎన్నో స్థానంలో ఉన్నారో చూడండి. అంకె కంటే ఆ స్థానమే ఉపయోగపడే సమాచారం.

రెండు శాఖలను కలిపి పోల్చక తప్పని పరిస్థితి వస్తే, పేపరు పేపరుకూ విడిగా లెక్క కట్టాలి. ఒక పేపరుకు వచ్చిన సైటేషన్లను, అదే శాఖలో అదే ఏడాది వచ్చిన అదే రకం పేపర్ల ప్రపంచ సగటుతో భాగించండి. ఉదాహరణకు ఊహా అంకెలు తీసుకుందాం. గణితం పేపరుకు 12 సైటేషన్లు, సగటు 4 అయితే ఫలితం 3. జీవరసాయనం పేపరుకు 40, సగటు 50 అయితే ఫలితం 0.8. పన్నెండు నలభైని దాటేసింది. స్కోపస్‌లో ‘ఫీల్డ్ వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్’ అన్న పేరుతో ఉండేది ఇదే, ఒకటి అంటే ప్రపంచ సగటు. ఓపెన్ అలెక్స్ ఇలాంటి అంకెను ఉచితంగా ఇస్తుంది. వైద్య, జీవశాస్త్రాల పేపర్లకైతే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్ఐహెచ్) వారి ఐసైట్ అనే సాధనం ఉంది. ఒక్క జాగ్రత్త. సైటేషన్లు సమంగా పంచుకున్న ఆస్తి కాదు, కొద్ది పేపర్లకు కుప్పలుగా, మిగిలినవాటికి చారెడు వస్తాయి. ఇరవై పేపర్లున్న మనిషి సగటును ఒకే ఒక్క సమీక్షా వ్యాసం ఆకాశానికి లేపగలదు. కాబట్టి సగటుతోపాటు, ఎన్ని పేపర్లు తమ శాఖలో పై 10 శాతంలో ఉన్నాయో కూడా రాసుకోండి.

ఒక మనిషి రెండు మూడు శాఖల్లో పనిచేస్తే

ఇలాంటివారి మొత్తం అంకెను ఒకే శాఖ ఖాతాలో వేయకండి. హిర్ష్‌నే తీసుకోండి. ఆయన వృత్తి అతివాహకత (కొన్ని పదార్థాల్లో విద్యుత్తు నిరోధం లేకుండా పారడం) మీద పరిశోధన. హెచ్-ఇండెక్స్ పేపరుకు వచ్చిన వేల సైటేషన్లను భౌతిక శాస్త్రంలో జమచేస్తే తప్పుడు చిత్రం వస్తుంది. పేపర్లను అంశాలవారీగా రెండు మూడు కుప్పలు చేసి, ఒక్కో కుప్పనూ దాని తోటివారితో పోల్చాలి.

కుప్పలు చేయడం అన్నిసార్లూ తేలిక కాదు. ఒకప్పటి కర్నూలు జిల్లాలోని జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ల కిందట పేలిన ఇండోనేసియాలోని తోబా అగ్నిపర్వతం బూడిద పొరలకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ‘సైన్స్’ పత్రికలో ఆ పేపరు వచ్చింది. అది పురావస్తు శాస్త్రమా, భూగర్భ శాస్త్రమా, ప్రాచీన వాతావరణమా? ఇలాంటప్పుడు రాసినవారి విభాగాన్ని కాక, దాన్ని ప్రస్తావించినవారి విభాగాలను చూడండి. ‘సైటెడ్ బై’ మీద నొక్కి, మొదటి యాభై పేపర్ల జర్నళ్ల పేర్లు గీతలు గీసి లెక్కపెట్టండి. ప్రభావం ఎటు పారిందో కళ్లకు కడుతుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రంగుతో కొలిచే ఒక ప్రయోగశాల కిటుకు. ఫాస్ఫరస్ కొలవాల్సిన ప్రతి శాఖా దాన్ని వాడుకుంది, దశాబ్దాల తరబడి సైటేషన్లు వచ్చాయి. పద్ధతుల పేపర్లకు ఈ వరం ఎప్పుడూ ఉంటుంది. ప్రపంచంలో అత్యధిక సైటేషన్లు పొందిన వాటిలో 1951 నాటి లౌరీ పేపరు ప్రోటీన్ కొలిచే పద్ధతే, మూడు లక్షలు దాటింది.

రచయితల వరుసలో ఎక్కడున్నారు?

జీవశాస్త్రాల్లో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది. గణితంలో, అర్థశాస్త్రంలో చాలావరకు అక్షరక్రమం, అక్కడ స్థానానికి అర్థం లేదు. కణ భౌతిక శాస్త్రం ఇంకో ప్రపంచం: హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన పేపరుకు 5,154 మంది రచయితలు. అలాంటివి జాబితాలో ఉంటే వేరుగా తీసి పెట్టి మిగిలినవాటితో హెచ్ మళ్లీ కట్టండి.

అంకెలో నీళ్లు కలిశాయేమో చూడండి

స్కోపస్‌లో స్వీయ సైటేషన్లు తీసేసి చూసే వీలుంది. తీసేయండి. తన పాత పనిని తాను ప్రస్తావించడం నేరం కాదు, వరుసగా ఒకే అంశం మీద పనిచేసేవారికి తప్పదు కూడా. మూడో వంతు మాయమైతే మాత్రం ఆగి ఆలోచించండి. తర్వాత ఏళ్లవారీ సైటేషన్ల గ్రాఫు చూడండి. పదేళ్లు నేల మీద పాకి ఒక్కసారిగా ఎగిరితే, ఆ ఏడాది ఎవరు ప్రస్తావించారో తెరిచి చూడాలి. అవే నాలుగు పేర్లు, అవే రెండు జర్నళ్లు తిరిగి తిరిగి వస్తుంటే అది పరస్పర సహాయ సంఘం. ఐదు రోజులకో పేపరు చొప్పున వేసేవారూ ప్రపంచంలో ఉన్నారు. వాళ్లు ఆ పేపర్లన్నీ రాశారా సరే, కనీసం చదివారా అన్నది నా సందేహం.

గణితంలో ఇది ఎంత ముదిరిందంటే, వెబ్ ఆఫ్ సైన్స్‌ను నడిపే క్లారివేట్ సంస్థ 2023లో తన ‘హైలీ సైటెడ్ రీసెర్చర్స్’ జాబితా నుంచి గణితం విభాగాన్నే తీసేసింది. చిన్న శాఖలో సగటు తక్కువ కాబట్టి కొద్దిమంది కూడబలుక్కున్నా పై వరుసకు చేరుకోవచ్చు. వెనక్కి తీసుకున్న పేపర్లు ఉన్నాయేమో కూడా రిట్రాక్షన్ వాచ్ డేటాబేసులో పేరు కొట్టి చూడండి, ఉచితమే.

జర్నలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనిషికి తగిలించకండి. అది పత్రిక సగటు, ఈ పేపరుది కాదు. ఇలా వాడొద్దని, పరిశోధనను ఎలా అంచనా వేయాలన్న దానిపై వచ్చిన 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన స్పష్టంగా చెప్పింది.

టాప్ 2 శాతం జాబితా చేతికొస్తే

అది స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం పిలిచి ఇచ్చే బిరుదు కాదు. అక్కడి ఆచార్యుడు జాన్ అయోనిడిస్ సహచరులతో కలిసి స్కోపస్ సమాచారం నుంచి తయారుచేసే పెద్ద ఎక్సెల్ పట్టిక. ఎవరైనా దించుకోవచ్చు. అందులో మీరు చూడాల్సినవి నాలుగు విషయాలే. మొదట, పేరున్నది జీవితకాల జాబితాలోనా, ఒక్క ఏడాది జాబితాలోనా చూడండి. రెండింటికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా, వార్తల్లో మాత్రం రెండూ ఒకటే. తర్వాత ఉపశాఖ, అందులో ర్యాంకు. పట్టికలో 22 శాఖలు, 174 ఉపశాఖలు ఉన్నాయి కాబట్టి మనం పైన పడ్డ కష్టంలో కొంత ఇక్కడ ముందే చేసి పెట్టి ఉంటుంది. మూడోది స్వీయ సైటేషన్ల శాతం. నాలుగోది, ఇటీవలి పట్టికల్లో చేరిన, వెనక్కి తీసుకున్న పేపర్ల సంఖ్య. ర్యాంకు కట్టే స్కోరులో మొత్తం సైటేషన్లు, హెచ్‌తోపాటు ఒంటరిగా, మొదటగా, చివరగా పేరున్న పేపర్లకు వచ్చిన సైటేషన్లు కూడా కలుస్తాయి. అంత చెడ్డ కొలత కాదు. చెడగొడుతున్నది మన శీర్షికలు.

సైటేషన్లకు అందనిది రాసుకోండి

కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన కదిరి-6 వేరుశనగ ఎన్ని పేపర్లలో ప్రస్తావనకు వచ్చిందో చూస్తే ఏమీ తెలియదు. విత్తనాల పంపిణీ లెక్కలు, రైతులు ఏళ్ల తరబడి దాన్నే ఎందుకు అడిగారన్నది చూడాలి. వంగడాల శాస్త్రవేత్తను అంచనా వేసేటప్పుడు విడుదలైన రకాలు, అవి సాగైన విస్తీర్ణం ముందు, పేపర్లు తర్వాత. ఇంజనీరుకు పేటెంట్లు, వాడకంలోకి వచ్చిన సాఫ్ట్‌వేరు. భూగర్భ శాస్త్రవేత్తకు పటాలు, నివేదికలు.

బాగా పాతుకుపోయిన పనికి ఇంకో చిత్రమైన గతి పడుతుంది. నాటి దత్తమండలాల్లోని బళ్లారి జిల్లా హడగలిలో పుట్టిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు వేశారు. గణాంకశాస్త్రంలోని క్రామర్–రావు పరిమితి, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఆయన ఆ పేపరుతో ముడిపడినవే. ఇవాళ వాటిని వాడేవారు ఆయన పేరు రాస్తారు, పేపరును రెఫరెన్సుల్లో పెట్టరు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన విషయానికి ఎవరు సైటేషన్ ఇస్తారు? 2023లో ఆయనకు వచ్చిన అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి హెచ్-ఇండెక్స్ చూసి ఇచ్చింది కాదు.

ఇక చివరగా, ఆ శాస్త్రవేత్త ఉత్తమ పేపర్లు రెండు, వాటిని ప్రస్తావించిన పేపర్లు నాలుగైదు తెరిచి చదవండి. పేపరు పేరు ఎక్కడ వచ్చిందో చూడండి. ‘ఇవి కూడా చూడండి’ అని పది సంఖ్యల గుత్తిలో ఒకటిగా వచ్చిందా, లేక ‘ఫలానా పద్ధతి ఆధారంగా’ అని పనికి పునాదిగా వచ్చిందా? ఇది ఏ సాఫ్ట్‌వేరూ మీకంటే బాగా చెప్పలేదు. 2025 జనవరి నుంచి అమలులో ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వల్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వేల జర్నళ్లు తెరుచుకుంటున్నాయి, మీ గ్రంథాలయంలో అడగండి.

ఇదంతా అయ్యాక మీ అంచనాను ఒక్క పేరాలో రాయండి. ఇలా ఉండాలి: ‘స్కోపస్ ప్రకారం, ఫలానా తేదీన చూసినప్పుడు, మొదటి పేపరు 2006. హెచ్-ఇండెక్స్ 9, స్వీయ సైటేషన్లు తీస్తే 8. సంఖ్యా సిద్ధాంతంలో అదే కాలపు పదిమందితో పోలిస్తే నాలుగో స్థానం. మూడు పేపర్లు శాఖలో పై 10 శాతంలో ఉన్నాయి. 2014 నాటి పేపరును తర్వాతివారు పద్ధతిగా వాడుకున్నారు. వెనక్కి తీసుకున్నవి లేవు.’ నియామకాల కమిటీకైనా, పత్రికకైనా ఇది చాలు. వార్త రాసేవారు ఇందులోంచి ఒక్క వాక్యమే పెట్టగలిగితే హెచ్-ఇండెక్స్ వాక్యం వదిలేసి, స్థానం చెప్పిన వాక్యం పెట్టండి.